చెరసాల గోడమీది రాముడు



శ్రీరామనవమినాడు భద్రాచలంలో జరిగే సీతారామ కల్యాణాన్ని, వంటింట్లో పని చేసుకుంటూనే రేడియోలో విన్నవారు మీలో చాలామంది వుంటారు. ఆ తలంబ్రాల సందడిలో, గుడి కట్టించిన మనిషి యింటి దుఃఖం మనకు గుర్తుకు రాదు.

కంచర్ల గోపన్నగారిది ఖమ్మం జిల్లా నేలకొండపల్లి. 1672 నుంచి 1687 దాకా గోల్కొండ నేలిన అబుల్ హసన్ తానీషా కొలువులో ఆయన పాల్వంచ పరగణాకు తహసీల్దారు. సర్కారు పైకం రాముడి గుడికి ఖర్చు పెట్టాడన్న నేరంమీద ఆయనను గోల్కొండలో ఖైదు చేశారు. పన్నెండేళ్ళ చెర అని చెప్పుకుంటాము.

అంతకు ముందే ఆ యింట ఒక ఘోరం జరిగిందని రామదాసు కథ చెబుతుంది. సంతర్పణ హడావిడిలో పసిబిడ్డ మరిగే గంజిగుంటలో పడ్డాడు. తండ్రి మొర పెట్టుకుంటే రాముడు బ్రతికించాడు. వినడానికి హాయిగా వుంటుంది. కాని నిజంగా బిడ్డను పోగొట్టుకున్న తల్లి యీ కథ వింటే? "నా భక్తి చాలలేదు కాబోలు" అని కుమిలిపోదూ? అమ్మా, అట్లా అనుకోకండి. మీకు పనికివచ్చేది ఆ కథ కాదు, తరువాతి చెరసాల కథ. అక్కడ రాముడు వెంటనే పలకలేదు.

అప్పుడు గోపన్నగారు ఏం చేశారు? కోపం వచ్చింది, దాచుకోలేదు. ఏ నగకు ఎన్ని వరహాలు పోశానో లెక్క చెప్పి మరీ రాముణ్ణి నిలదీశారు. ఆనక, దెబ్బలకు ఓర్వలేక తిట్టానయ్యా, మనసులో పెట్టుకోకు అని బతిమాలుకున్నారు. నువ్వయినా నా మాట ఆయన చెవిని వెయ్యమ్మా అని సీతమ్మతల్లిని వేడుకున్నారు. యింటి పెద్దకు కోపం వస్తే మనం అత్తగారిచేత చెప్పించుకోమూ, అట్లాగే! ఆ తిట్లనూ కీర్తనలుగానే పాడుకుంటున్నాము. దుఃఖంలో దేవుడిమీద అలిగితే భక్తి పోదు సుమా.

రామాయణంలో మాత్రం? భద్రాచలానికి ముప్పయ్యయిదు కిలోమీటర్ల దూరంలో, గోదావరి ఒడ్డున పర్ణశాల వున్నది. సీతమ్మను రావణుడు ఎత్తుకుపోయింది అక్కడేనని ఆ ప్రాంతంవారి నమ్మకం. ఖాళీ కుటీరం చూసి రాముడంతటివాడు కడిమిచెట్టునూ, మారేడుచెట్టునూ, మద్దిచెట్టునూ నా సీత ఏదని అడుగుతూ తిరిగాడని వాల్మీకి వ్రాశాడు. అది చిన్నతనమని మహర్షి అనుకోలేదు. లక్ష్మణుడు కూడా ఉత్త "ఊరుకో అన్నయ్యా" అని వదిలెయ్యలేదు. కొండలూ గుహలూ నాతోబాటు వెతుకుదువుగాని రమ్మన్నాడు. పంపాతీరంలో, ఉత్సాహాన్ని మించిన బలం లేదని చెప్పాడు. ఉత్సాహమంటే యిక్కడ సంబరం కాదు, మళ్ళీ లేచి నిలబడడం.

గోల్కొండ కోటలో రామదాసు బందిఖానా యిప్పటికీ చూపిస్తారు. గోడమీద సీతారామలక్ష్మణుల, హనుమంతుడి రూపాలున్నాయి. గోపన్నగారే చెక్కుకున్నారంటారు. చీకటి కొట్లో ఆయన చేతికి దొరికిన పని అది.

యిక ఆయన యిల్లాలు కమలమ్మగారు. ఆమె పాటలు కట్టినట్టు ఎవరూ చెప్పరు. భర్త లేని అన్నేళ్ళూ పొద్దున్నే లేచి పొయ్యి రాజేసిన ఆ ధైర్యాన్ని ఏ గోడమీదా చెక్కలేదు.

మీ వీధిలో అటువంటి యిల్లాలు ఎవరైనా వుంటే, "ఏడవకు" అని చెప్పి రాకండి. కాసేపు పక్కన కూర్చోండి. తరువాత ఏదో ఒక చిన్న పనికి తోడు రమ్మని పిలవండి. లక్ష్మణుడు చేసింది అదే.