అద్దె ఇంటిలో మరొక అద్దె

తెలంగాణమున కిరాయి అనినను, కోస్తా జిల్లాలలో అద్దె అనినను, రాయలసీమలో బాడుగ అనినను విషయమొక్కటే: ఇల్లు ఒకరిది, కాపురము మరొకరిది. ఆ కాపురమున్నవారు ఇంటిని గాని అందులో ఒక గదిని గాని మూడవవారికి అద్దెకిచ్చినచో దానిని ఉప అద్దె అందురు. ఇది చెల్లునా, చెల్లదా? ఒప్పందము అడ్డు చెప్పనిచో చెల్లునని ఒక చట్టము, యజమాని వ్రాసియిచ్చిననే గాని చెల్లదని మరొక చట్టము చెప్పుచున్నవి. రెండును నేడు హైదరాబాదులో అమలునందున్నవే. ఏ ఇంటికి ఏది వర్తించునో తెలియవలెనన్న కొంత వెనుకకు పోవలెను.

మొదటిది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము. అద్దెదారు చేతిలోని హక్కును ఆ చట్టము ఒక విధమైన ఆస్తిగనే ఎంచినది. కనుక 108వ సెక్షను ప్రకారము, ఒప్పందములో నిషేధము లేనప్పుడు, అతడు ఆ హక్కును పూర్తిగా బదిలీ చేయవచ్చును, తాకట్టు పెట్టవచ్చును, ఉప అద్దెకీయవచ్చును. యజమానిని అడుగవలెనన్న మాట అందులో లేదు. అయితే ఇంకొకరిని ప్రవేశపెట్టి తాను చేతులు దులుపుకొనుటకు వీలులేదు. లోపల ఎవరున్నను యజమానికి జవాబుదారి మొదటి అద్దెదారే. ఆనాడీ చట్టము బ్రిటిషు ఇండియాకు చెందినది. నైజాము రాజ్యమునకు శాసనములు వేరు.

రెండవ ప్రపంచ యుద్ధము ఈ లెక్కను తారుమారు చేసినది. పట్టణములలో జనము పెరిగెను, ఇండ్లు పెరుగలేదు. మదరాసు ప్రభుత్వము 1941లో ఇండ్ల అద్దెల అదుపు ఉత్తర్వు తెచ్చినది. హైదరాబాదులో అట్టి ఉత్తర్వు 1353 ఫసలీలో వచ్చినది. ఫసలీకి 590 కలిపినచో క్రీస్తు శకము వచ్చును గనుక 1943-44 అనుకొనవచ్చును. అద్దె ఇష్టము వచ్చినట్లు పెంచరాదు, తగిన కారణము లేక ఖాళీ చేయింపరాదు: ఇదియే ఈ అదుపుల సారము. ఇక్కడనే ఉప అద్దె కథ తిరిగినది. యజమాని చేతులు చట్టము కట్టివేసినప్పుడు, పది రూపాయలకు ఇల్లు పట్టిన అద్దెదారు అందులో సగము ఇరువది రూపాయలకు మరొకరికిచ్చిన, ఆ లాభమెవరిది? తల దాచుకొనుటకు ఇచ్చిన రక్షణ బేరమునకు పెట్టుబడి యగును. ఉప అద్దెను నిషేధించుటలో యజమానులపై పక్షపాతమున్నదని కొందరందురు గాని, నాకట్లు తోచదు.

యుద్ధము ముగిసినను అదుపు ముగియలేదు. మదరాసులో 1946లోను, మరల 1949లోను చట్టములు వచ్చినవి. హైదరాబాదు రాష్ట్రము 1954లో తన చట్టము చేసికొన్నది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1960లో రెండు ప్రాంతములకును కలిపి ఒకే చట్టము వచ్చినది. దాని 10వ సెక్షను ప్రకారము, ఒప్పందములో హక్కు లేకయు, యజమాని వ్రాతపూర్వకమైన అనుమతి లేకయు ఇంటిని గాని అందులో భాగమును గాని ఉప అద్దెకిచ్చినచో, యజమాని రెంటు కంట్రోలరు ఎదుట దరఖాస్తు పెట్టి ఖాళీ చేయింపవచ్చును. నోటిమాట అనుమతి కాదు. 1882లో ‘వలదనకున్న సరే’ అన్నది, 1960లో ‘సరే అని వ్రాసియిచ్చిననే’ అయినది.

కాని ఈ చట్టము అన్ని ఇండ్లకును వర్తింపలేదు. కొత్త కట్టడములను ప్రోత్సహింపవలెనని 1957 ఆగస్టు 26న గాని ఆ తరువాత గాని కట్టిన భవనములను మినహాయించిరి. ఏండ్లు గడచిన కొలది ఆ ‘కొత్త’ ఇండ్లు పాతబడినను మినహాయింపు మాత్రము పోలేదు. ఒకప్పుడు న్యాయమైన భేదము కాలము చేతనే అన్యాయమైనదని 1983లో సుప్రీంకోర్టు మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో దానిని కొట్టివేసినది. ఆ యేడాది డిసెంబరులోనే ప్రభుత్వము, పదేండ్లు నిండని ఇండ్లకును, నెలకు వెయ్యి రూపాయలు మించిన అద్దె ఇండ్లకును మినహాయింపునిచ్చినది. 2005లో చట్టమునే సవరించి ఆ పదేండ్లను 15 చేసిరి. అద్దె పరిమితిని నగరపాలక సంస్థలలో రూ. 3,500గను, ఇతర చోట్ల రూ. 2,000గను నిర్ణయించిరి.

ఇక మాదాపూరు సంగతి. 1960 చట్టము హైదరాబాదు, సికిందరాబాదు నగరములకును పురపాలక సంఘములకును ఉద్దేశించినది; ఆనాడు మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి బండరాళ్ల నడుమ పల్లెలు. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి సైబర్ టవర్సును ప్రారంభించిరి. 2007లో శేరిలింగంపల్లి పురపాలక సంఘము మహానగరపాలక సంస్థలో కలిసినది. ఇప్పుడక్కడ చట్టము కలదు, కాని చట్టమునకు లోబడు ఇండ్లు అరుదు. అద్దె రూ. 3,500 మించని ఫ్లాటు హైటెక్ సిటీలో ఎక్కడ దొరకును? కనుక నగరమందెల్ల కొత్తదైన ఈ భాగము చాలవరకు 1882 నాటి చట్టము నీడననే బ్రతుకుచున్నది. అక్కడ ఉప అద్దెకు విధి ఏమన్న, ఒప్పంద పత్రములోని ఒక వాక్యమే. అది మౌనముగా నున్న అద్దెదారుకు స్వేచ్ఛ, నిషేధమున్న లేదు. వాడుకలోనున్న అచ్చు నమూనాలలో ఆ నిషేధము సాధారణముగా నుండును. చదువక సంతకము పెట్టువారే ఎక్కువ.

ఒకరి పేర ఫ్లాటు తీసికొని నలుగురు ఉద్యోగులు వంతులు వేసికొని ఉండుట ఉప అద్దె యగునా? హాస్టలులో మంచము తీసికొన్న కుర్రవాడు ఉప అద్దెదారా? దీనికి దారి చూపినది మన రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు. 1959లో సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా, ఢిల్లీ హోటలులోని ఒక క్షౌరశాల గదుల తగాదాలో, పత్రమునకు పెట్టిన పేరును గాక ఉభయుల ఉద్దేశమును చూడవలెననియు, ఇతరులను రానీయక స్థలమును తన స్వాధీనమున ఉంచుకొను హక్కు సంక్రమించినదా యనునది ముఖ్య చిహ్నమనియు వివరించిరి. ఈ కొలతతో చూచిన, తలుపు తాళము తన వద్దనే ఉంచుకొని స్నేహితుని చేర్చుకొన్నవాడు సాధారణముగా ఉప అద్దెకిచ్చినట్లు కాదు; తాళము చేతికిచ్చి తాను వేరొక ఊరు పోయినవాని సంగతి వేరు.

నిషేధమును మీరినవారిపై పాత చట్టము కఠినము. 1929లో చేర్చిన 114-ఏ సెక్షను, ఇతర షరతులను తప్పినవారికి దిద్దుకొనుటకు అవకాశమిచ్చుచు, ఉప అద్దె నిషేధమును మాత్రము ఆ కనికరము నుండి తప్పించినది. 2021లో కేంద్రము ఆమోదించిన నమూనా అద్దె చట్టమును వ్రాతనే కోరును: ఉప అద్దెకు అనుబంధ ఒప్పందము వ్రాసికొని, యజమానియు అద్దెదారును కలిసి రెండు నెలలలో అద్దె అధికారికి తెలుపవలెను. అది నమూనాయే; రాష్ట్రము తన శాసనము చేసికొన్నచోటనే అమలగును.

లోపలనున్న మూడవవాని గతి 115వ సెక్షనులో నున్నది. మొదటి అద్దెదారు అమెరికాకు బదిలీయై ఫ్లాటును తానుగా యజమానికి అప్పగించిపోయిన, దాదాపు అవే షరతులతో న్యాయముగా పొందిన ఉప అద్దె నిలుచును. అప్పటినుండి అద్దె నేరుగా యజమానికే చెల్లింపవలెను. షరతు తప్పిన కారణమున మొదటివాని హక్కే రద్దయిన, యజమాని మోసము చేసి రద్దు చేయించిననే తప్ప, దానితోబాటు ఉప అద్దెయును రద్దగును. అప్పుడు అతడు తన అడ్వాన్సును యజమాని నుండి గాక, తనకు తాళమిచ్చినవాని నుండియే రాబట్టుకొనవలసి యుండును.