కూలి ఓడ వెనుక వచ్చిన దౌత్యం

భారతదేశానికీ దక్షిణాఫ్రికాకూ మధ్య సంబంధాల చరిత్రను రాయబారులతో మొదలుపెట్టడం వాడుక. నేను ఒక ఓడతో మొదలుపెడతాను. మద్రాసు నుంచి బయలుదేరిన ‘ట్రూరో’ 1860 నవంబరు 16న దర్బాన్ రేవు చేరింది. అందులో ఉన్నది 342 మంది. 1911లో ఈ ఎగుమతి ఆగేసరికి (మనుషుల విషయమైనా ఇక్కడ ఎగుమతి అన్నదే సరైన మాట) లక్షా యాభై రెండు వేల మంది నేటాల్ చెరుకు తోటలకూ, బొగ్గు గనులకూ, రైలు దారులకూ చేరారు. వారిలో అధిక సంఖ్యాకులు మద్రాసు రేవున ఓడ ఎక్కిన తమిళులూ, తెలుగువారూ. ఒడంబడిక తీరాక అక్కడే ఉండదలచిన కూలీపై ఏటా మూడు పౌన్ల పన్ను వేస్తూ 1895లో చట్టం చేశారు. ఖజానా నింపుకోవడం దాని ఉద్దేశం కాదు. కూలివాడు తిరిగి ఒడంబడికకు తలవంచాలి, లేదా ఓడ ఎక్కి పోవాలి. 1913లో గని కార్మికులూ తోట కూలీలూ సమ్మె కట్టిన తర్వాతనే, 1914లో ఆ పన్ను పోయింది.

1927 కేప్‌టౌన్ ఒడంబడికను మన పెద్దలు విజయంగా చెప్పుకున్నారు. నాకు అలా తోచదు. భారతీయులను ప్రత్యేక వాడలకు నెట్టే బిల్లు అప్పటికి ఆగింది, నిజమే. కాని అందుకు బదులుగా, దారిఖర్చులిచ్చి భారతీయులను ఇండియాకు పంపించే పథకానికి మన ప్రభుత్వం ఒప్పుకుంది. ఆ ఒప్పందం ప్రకారం అక్కడికి ఏజెంటుగా వెళ్ళిన మొదటివారు శ్రీనివాసశాస్త్రిగారు; ఆ తర్వాత 1929 నుంచి 1932 దాకా మన తెలుగువారైన కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు. వారి సామర్థ్యాన్ని శంకించనక్కరలేదు. అయితే తానే బానిసగా ఉన్న దేశపు ఏజెంటు ఎంత గట్టిగా మాట్లాడగలడు?

1946 జూన్‌లో, భారతీయులు భూములు కొనే హక్కునూ నివసించే హక్కునూ కత్తిరిస్తూ స్మట్స్ ప్రభుత్వం చట్టం తెచ్చింది. దర్బానులో సత్యాగ్రహులు జైళ్ళు నింపారు. ఇంకా వైస్రాయి కింద ఉన్న ఇండియా హైకమిషనర్ని వెనక్కు పిలిచింది. జులైలో వ్యాపారం నిషేధించింది. ఏ ప్రభుత్వమూ అంతకుముందు దక్షిణాఫ్రికాపై ఆ పని చేయలేదు. డిసెంబరు 8న ఐక్యరాజ్యసమితిలో మన తీర్మానం 32 - 15 ఓట్లతో నెగ్గింది. ఇది తమ ఇంటి వ్యవహారమని స్మట్స్ వాదించాడు. బ్రిటనూ అమెరికా అతని పక్షాన్నే ఓటు వేశాయి. ప్రజాస్వామ్యం కోసం యుద్ధం చేసి అప్పటికి ఏడాదిన్నరైనా నిండలేదు!

ఇక్కడొక మాట చెప్పక తప్పదు. మన తీర్మానం భారతీయులను గురించే మాట్లాడింది. భూమిచట్టం ముందుగా తగిలేది ఆస్తి ఉన్నవాడికి, అంటే వర్తకుడికి. చెరుకుకూలీ సంగతి దాని వెనుక. కోట్ల ఆఫ్రికన్ల సంగతి అసలు లేదు. ఆ లోపాన్ని దిద్దినవారు దౌత్యాధికారులు కారు. 1947 మార్చిలో భారతీయ నాయకులు దాదూ, నాయికర్లూ, ఆఫ్రికన్ జాతీయ కాంగ్రెసు నాయకుడు గ్జూమా కలిసి ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశారు. వర్ణవివక్ష మొత్తాన్ని పదమూడు ఆసియా, అరబ్బు దేశాలు సమితి ముందుకు తెచ్చింది 1952లో. అంటే ఐదేళ్ళ తర్వాత.

1954లో మన కార్యాలయం మూతపడింది. 1967లో ఢిల్లీలో ఆఫ్రికన్ కాంగ్రెసు కార్యాలయం తెరుచుకుంది. సమితిలో వర్ణవివక్ష వ్యతిరేక కేంద్రాన్ని ఏళ్ళ తరబడి నడిపినవారు నెల్లూరు జిల్లాలో పుట్టిన ఏనుగ శ్రీనివాసులురెడ్డిగారు. 1993 నవంబరులో రెండు ప్రభుత్వాలూ తిరిగి సంబంధాలు కలుపుకున్నాయి. ప్రిటోరియాలో మన హైకమిషన్ 1994 మేలో తెరిచారు. నల్లవారు మొదటిసారి ఓటు వేసింది అంతకు ముందు నెలలోనే.