చెరలో పుట్టిన నాట్యము



ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో చరిత్ర చెప్పితిని. రెండవ ప్రపంచ యుద్ధపు పాఠము వచ్చినపుడెల్ల, డంకర్కు రేవునుండి ఆంగ్ల సేనలు ఓడలెక్కి తప్పించుకొనిన వృత్తాంతమును ఉత్సాహముతో వర్ణించెడివాడను. తప్పించుకొనలేక ఫ్రాన్సులో నిలిచిపోయిన వారి ప్రసక్తి మా పుస్తకములో లేదు; నేనును ఎత్తలేదు. నేడు ఆ లోపమును కొంత దిద్దుకొనదలచితిని. అందులకు ఒక నాట్యము నాకు దారి చూపినది.

బ్రిటను ద్వీపమున ఉత్తరభాగము స్కాట్లండు. అచ్చటి కొండసీమల యువకులతో కూడినది 51వ డివిజను. 1940 జూన్ 4వ తేదీన డంకర్కు తరలింపు ముగిసెను. అప్పటికి ఈ దళము అచ్చట లేదు. ఫ్రెంచివారి ఆజ్ఞకు లోబడి సోము నది ప్రాంతమున పోరుచుండెను. శత్రువు వెన్నంటగా వారు సముద్రతీరమున సెయింట్ వాలెరీ అను చిన్న రేవు చేరిరి. ఊరికి ఇరుప్రక్కల నిటారైన కొండచరియలు. ఓడలు వచ్చినవి గాని, దట్టమైన మంచు కమ్ముటచే తీరమును సమీపింపలేకపోయినవి. జూన్ 12న సేనాధిపతి విక్టర్ ఫార్చ్యూన్ జర్మను సేనాని రోమెలునకు లొంగిపోయెను. పదివేలకు పైగా సైనికులు బందీలైరి. ఒకే సీమనుండి ఎత్తిన దళమగుటచే, ఆ దుఃఖము అక్కడి పల్లెలను ఒక్కసారిగా తాకినది.

బందీలను దినములతరబడి కాలినడకను తోలుకొనిపోయిరి. అధికారులలో పలువురను బవేరియాలో సాల్జాక్ నది యొడ్డున గల లౌఫెన్ కోటలో ఉంచిరి. అది పూర్వము సాల్జ్‌బర్గు మతాధిపతుల భవనము. కోట గొప్పదే, లోపలివారికి మాత్రము ఆకలి. వారిలో జేమ్స్ అట్కిన్సన్ అను యువాధికారి, తోడివారి సాయముతో, ఒక నాట్యమును కూర్చెను.

అన్నము చాలనివారికి ఆట యేమిటని మీరడుగవచ్చును. నేనును మొదట అట్లే అనుకొంటిని. ఆట తీరు తెలిసిన పిమ్మట ఆ మాట వెనుకకు తీసికొంటిని.

స్కాట్లండు పల్లెనాట్యములో స్త్రీపురుషులు రెండు వరుసలుగా ఎదురెదురుగా నిలుతురు. పాతబడి మరుగగుచున్న ఆ నాట్యములను కాపాడుటకై 1923లో గ్లాస్గో నగరమున ఒక సంఘము వెలసినది. బందీలలో ఆ సాంప్రదాయమెరిగినవారు ఉండిరి. అట్కిన్సన్ కూర్చిన ఆటలో మొదటి జంట నడుమకు వచ్చి, మూలలనున్న యిద్దరితో చేతులు కలుపును. నలుగురును ఏటవాలుగా ఒకే గీతగా నిలిచి లయకు అడుగు వేయుదురు. పిదప తక్కిన రెండు మూలలవారితో మరియొక గీత. ఈ రెండు గీతలును ఒకదానినొకటి ఖండించినచో ఏర్పడునది వాలు సిలువ. అది స్కాట్లండు రక్షకుడని ఆ దేశీయులు కొలుచు సెయింట్ ఆండ్రూ సిలువ. నీలి బట్టపై తెల్లని రేఖలుగా వారి జెండాపై కనబడునది అదియే. తమ జెండా నెగురవేయ వీలులేనిచోట వారు దానిని పాదములతో గీసిరని నా తలంపు. కడపట ఆరుగురు చేతులు పట్టుకొని వలయముగా తిరుగుదురు. అంతయు ముప్పదిరెండు తాళావృత్తములే.

సేనాధిపతి ఫార్చ్యూనును బందీగానే యుండెను. 1944లో వ్యాధిగ్రస్తుడైనను, స్వదేశమునకు పంపుదుమనిన ఒల్లక, 1945లో విడుదలయగువరకు తనవారితోనే నిలిచెను. ఆ 1944 సెప్టెంబరు 2వ తేదీననే, మరల కూర్చబడిన 51వ డివిజను సెయింట్ వాలెరీని విడిపించినది. ఓడిన ఊరికి మరల ఆ దళమునే పంపుట తగిన పని.

మరుసటి యేట ఆ నాట్యమును పైని చెప్పిన సంఘము తన పదమూడవ పుస్తకమున అచ్చొత్తించెను. ‘51వ డివిజను రీలు’ అని దాని పేరు. లౌఫెన్‌లో స్త్రీలుండవలసిన వరుసలోను పురుషులే నిలిచిరి. వేరొకరు లేరు గదా. నేడు స్కాట్లండు పల్లెల సభామందిరములలో ఆ వరుసలో స్త్రీలు నిలుచుచున్నారు.