మూడు లైఫులా, ముప్ఫై లైఫులా

పసుపు రంగు క్యాసెట్టు. అట్ట మీద 9999999 ఆటలని అచ్చువేసి ఉండేది. టీవీ గేముకు తగిలిస్తే లిస్టు వచ్చేది. కిందికి దించుకుంటూ పోతే వేళ్లు నొప్పెట్టేవే గాని లిస్టు తరిగేది కాదు. నిజానికి అందులో ఉన్నవి గుప్పెడు ఆటలే. మిగతావన్నీ వాటికే మారుపేర్లు. దొంగ సరుకు మరి! అయితే ఆ మారుపేర్ల వెనక ఉన్న ఆటలు అచ్చంగా ఒకటి కావన్న సంగతి తెలిశాక నాకు తెగ సరదా పుట్టింది. ఒక మారియో మొదటి నుంచి మొదలైతే, ఇంకో మారియో నడిమధ్య నుంచి మొదలయ్యేది. ఒక కాంట్రాలో మూడు లైఫులుంటే, నాలుగు లైన్ల కింద ఇంకో కాంట్రాలో ముప్ఫై ఉండేవి. లెక్క పెంచి అమ్ముకోవాలన్న యావలో పేరూ ఊరూ లేని దొంగ ఎవడో, అసలు కంపెనీ పెట్టని ఈజీ, హార్డ్ మీటను ఆటకు తగిలించేశాడు. ఈజీ మోడ్ అనే మాట వినకముందే విజయనగరం, శ్రీకాకుళం గుంటలు దాన్ని లైను నంబరుతో బట్టీపట్టారు.

ఇంతకీ ఆ ముప్ఫై ఎక్కడిది? 1986లో కోనామీ కంపెనీలో కజుహిసా హషిమోటో అనే ఆయన గ్రేడియస్ అనే ఆటను ఆర్కేడ్ నుంచి ఇంటి యంత్రానికి మారుస్తున్నాడు. సరిగ్గా వచ్చిందో లేదో చూడాలంటే ఆడి చూడాలి. ఆడబోతే తన ఆట తనకే కొరుకుడు పడలేదు. దాంతో ఒక దొడ్డిదారి పెట్టుకున్నాడు: పైకి రెండు, కిందికి రెండు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ. ఆట బజారులోకి వెళ్లేనాటికి దాన్ని తీసెయ్యలేదు. 1988లో అమెరికాలో అమ్మిన కాంట్రాలో అవే మీటలు నొక్కితే ముప్ఫై లైఫులు. చేసినవాడు పడ్డ కష్టంలోంచి పుట్టిన సుళువన్నమాట.

అంత కష్టంగా చెయ్యడం దేనికంటే, నాణెం కోసం. ఆర్కేడ్ యంత్రంలో ఎంత త్వరగా చస్తే అంత త్వరగా ఇంకో నాణెం పడుతుంది. అందుకే పెట్టె లోపల బోర్డు మీద బుల్లి స్విచ్చులుండేవి: లైఫులు మూడా ఐదా, ఎన్ని పాయింట్లకు అదనపు లైఫు, మామూలా గట్టిదా. తాళంచెవి షాపు ఓనరు దగ్గర. పైడితల్లమ్మ సిరిమాను సంబరాల్లో బెలూన్లు కాల్చే తుపాకి గొట్టాన్ని ఓ వెంట్రుకవాసి పక్కకు వంచే దుకాణదారుది కూడా ఇదే విద్య.

అన్నీ ఇలా లెక్కేసి చేసినవే కావు. 1978లో టోమోహిరో నిషికాడో చేసిన స్పేస్ ఇన్వేడర్స్‌లో 55 గ్రహాంతర జీవులు వరసకట్టి దిగుతాయి. చచ్చేకొద్దీ మిగిలినవి వేగం పుంజుకుంటాయి. ఇది ఎవరూ వేసిన పథకం కాదు. ఆనాటి చిప్పుకు అన్నిటినీ ఒకేసారి కదిలించే సత్తువ లేదు. బొమ్మలు తగ్గేకొద్దీ దానికి ఊపిరాడింది. బాగుంది, ఉంచేద్దాం అనుకున్నాడాయన. ఆడేకొద్దీ ఆట కష్టమయ్యే పద్ధతికి దారి వేసిన ఆటల్లో అదొకటి.

నాకు మనసైంది మాత్రం 1977 నాటి అటారీ పెట్టె. దాని మీద రెండు కష్టం స్విచ్చులున్నాయి, ఆటగాడికొకటి. అన్నకు గట్టిది, తమ్ముడికి మెత్తది, ఇద్దరూ ఒకే ఆటలో. మన వీధుల్లో దీనికి యంత్రం అక్కర్లేదు. పెద్దవాళ్ల వెంటపడి వచ్చిన నాలుగేళ్లవాణ్ణి ఆటలో అరటిపండుగా చేర్చుకుంటాం. వాడు పరిగెడతాడు, అరుస్తాడు, ఎన్నిసార్లు దొరికినా అవుట్ కాడు, ఎవరూ వాణ్ణి ఎగతాళి చెయ్యరు. 1992లో వచ్చిన వుల్ఫెన్‌స్టైన్ 3డీ చూడండి: సుళువైనది ఎంచుకుంటే హీరో తలకు పసిపిల్లల టోపీ, నోట్లో పాలపీక. చేతకానివాణ్ణి చూసి నవ్వడం అక్కడ మెనూలోకే ఎక్కేసింది. ఆ నవ్వు ఇప్పటికీ పోలేదు. 2019లో సెకిరో అనే ఆటలో ఈజీ మోడ్ లేదని ప్రపంచమంతా జుట్టూజుట్టూ పట్టుకుంది.

మళ్లీ క్యాసెట్టు దగ్గరికి వస్తాను, అక్కడ నుంచి కదలబుద్ధి కాదు. తొంభైల్లో, ఆ తర్వాత కొన్నేళ్లు కూడా, విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల సందుల్లో, శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలి వైపు వీడియో గేమ్ షాపులంటే చిన్న గది, రెండు మూడు పాత టీవీలు, నింటెండోకు నకళ్లయిన పెట్టెలు, గంట లెక్కన అద్దె. ఆడేవాళ్లు ఇద్దరు, వెనక నిలబడి సలహాలిచ్చేవాళ్లు ఆరుగురు. అభిరుచులన్నీ అక్కడే తేలిపోయేవి. తొందరపడేవాడికి రోడ్ ఫైటర్. పెట్రోలు అయిపోతుందన్న భయమే అందులో రుచి. ఓపికున్నవాడికి ట్యాంకుల ఆట బ్యాటిల్ సిటీ. అందులో 35 స్టేజీలు, వాటితో పాటు గోడలు మనమే కట్టుకునే వీలు కూడా ఉంది. కాపాడుకోవాల్సిన డేగ బొమ్మ చుట్టూ ఇనప గోడ కట్టేసుకుని దర్జాగా కూర్చున్నవాళ్లున్నారు. అదీ ఈజీ మోడే, కాకపోతే సొంతంగా కట్టుకున్నది. టీవీ గేము తుపాకి పనిచేసే షాపులో బాతుల ఆట. గురి తప్పితే కుక్క పైకి లేచి నవ్వేది. దాన్నే కాల్చడానికి అందరూ చూశారు, అది మాత్రం చావలేదు.

కాంట్రా ఎంత కష్టమో పక్కవాణ్ణి బట్టి ఉండేది. మూడో స్టేజీలో జలపాతం ఎక్కాలి. ఒకడు గబగబా పైకెక్కితే తెర వాడితో పాటు పైకి జరుగుతుంది, కింద ఉన్నవాడు అంచు దాటి చస్తాడు. శత్రువు గుండు తగలకుండానే స్నేహితుడి చేతిలో చావు. "కాసేపాగరా బావూ!" అన్న కేక వినని షాపు లేదు. అప్పటి ఆటల్లో ఆడినంతవరకు దాచుకోవడమన్నది దాదాపు లేదు. మారియోలో ఏ మీట నొక్కిపట్టి స్టార్ట్ కొడితే చచ్చిన లోకం మొదటి నుంచి ఆడొచ్చన్న రహస్యం తెలిసినవాడు కూడా కరెంటు పోతే మొదటికే. ఎనిమిదో లోకం దాకా వెళ్లినవాడికి ఫ్యాను ఆగిన చప్పుడు కంటే గట్టి శత్రువు ఏ ఆటలోనూ లేడు. "గంటైపోనాది, లెగండి" అనే ఓనరు ఆ తర్వాతివాడు.

తర్వాతి కథ చకచకా సాగింది. నెట్ సెంటర్లొచ్చాయి, వాటితో 2002 నాటి వైస్ సిటీ వచ్చింది. చీట్‌కోడ్లు రాసుకోవడానికి రఫ్ నోటు వెనక పేజీ చాలేది: ఆస్పిరిన్ అని కొడితే ప్రాణం నిండుతుంది, పాంజర్ అంటే యుద్ధట్యాంకు దిగుతుంది. మిషన్లు ఆడకుండా ఊరంతా ట్యాంకుతో తిరిగినవాళ్లదీ ఒక అభిరుచే, నేను కాదనను.

నాకు నచ్చనిది ఆ పైన మొదలైంది. 2005లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 4 ఆటగాణ్ణి గమనిస్తూ, పదేపదే చస్తుంటే శత్రువుల జోరు గుట్టుగా తగ్గిస్తుంది. చెప్పదు, అడగదు. 2020 సెప్టెంబరులో మన దేశంలో నిషేధానికి గురైన పబ్‌జీ మొబైల్, 2021లో దాని స్థానంలో వచ్చిన బీజీఎంఐ ఇంకో మెట్టెక్కాయి: కొత్తవాళ్ల ఆటల్లోకి బాట్లు దిగుతాయి. మనుషుల పేర్లు తగిలించుకున్న ఆ బొమ్మలు సరిగ్గా గురిపెట్టవు. పలాసలోనో పార్వతీపురంలోనో మొదటిరోజే గెలిచి ఇల్లు పీకి పందిరేసిన కుర్రాడికి, తాను కొట్టినవాళ్లలో ఎందరు మనుషులో లెక్క ఉండదు. పసుపు క్యాసెట్టు దొంగ ఈ మోసం చెయ్యలేదు. ముప్ఫై లైఫుల లైను ఎంచుకున్నవాడికి తానేం ఎంచుకున్నాడో తెలుసు, వెనక నిలబడ్డ ఆరుగురికీ తెలుసు.

సుళువు కొనుక్కోవడంలో మన విజయనగరం రాజవంశానికీ ఒక కథ ఉంది. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్ విజ్జీ, అంటే మహారాజకుమార్ విజయానంద గజపతి రాజు. వెంట 36 పెట్టెల సామాను, ఇద్దరు నౌకర్లు వెళ్లారంటారు. పర్యటన మధ్యలోనే జట్టులోని లాలా అమర్‌నాథ్‌ను ఇంటికి పంపేశారు, అదే పర్యటనలో విజ్జీకి సర్ బిరుదూ వచ్చింది. ఒక కౌంటీ మ్యాచ్ ముందు అవతలి కెప్టెన్‌కు బంగారు గడియారం కానుకిచ్చాడనీ, దానికి బదులుగా నాలుగు తేలిక బంతులు పడ్డాయనీ క్రికెట్ పెద్దలు చెప్పుకుంటారు. టెస్టుల్లో అలాంటి బేరం కుదిరినట్టు లేదు: మూడు టెస్టులు, ఆరు ఇన్నింగ్స్, 33 పరుగులు.