మలుపు చివర కారు ఎందుకు జారుతుంది? మట్టి ట్రాక్ రేసుల కథ

ఇవాళ అమెరికాలో మట్టి ట్రాకుల మీద జరిగే కారు రేసుల గురించి మాట్లాడుకుందాం. రీల్స్‌లో మీరు చూసే ఉంటారు. కారు ఎడమ వైపు మలుపు తిరుగుతుంటుంది, ముందు చక్రాలు మాత్రం కుడికి తిప్పి ఉంటాయి, వెనక మట్టి ఫౌంటెన్‌లా లేస్తుంటుంది. చూడ్డానికి సరదాగా డ్రిఫ్ట్ కొడుతున్నట్టే ఉంటుంది. కానీ ఆ డ్రైవర్ వందేళ్ల నాటి ఒక సమస్యతో కుస్తీ పడుతున్నాడు. మలుపు అయిపోయి నేరుగా ఉన్న దారిలోకి వచ్చే ఆ ఒకటి రెండు సెకన్లలో కారుని అదుపులో ఎలా ఉంచాలి? దీన్నే కార్నర్ ఎగ్జిట్ అంటారు.

అంత ముఖ్యం ఎందుకంటారా? అక్కడ స్పీడు తగ్గితే ఆ తర్వాత దారి పొడుగునా తగ్గినట్టే. పైగా బయట గోడ ఉండేది కూడా అక్కడే.

ముందు రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. స్టీరింగ్ తిప్పినా ముందు చక్రాలు మాట వినకుండా కారు గోడ వైపు పోతుంటే దాన్ని టైట్ అంటారు. వెనక భాగం బయటికి జారి కారు గిర్రున తిరగబోతుంటే దాన్ని లూజ్ అంటారు. ఈ కథంతా ఈ రెండు మాటల మధ్యే నడుస్తుంది.

మొదట్లో ఈ ట్రాకులు కార్ల కోసం కట్టినవి కావు. చాలా వాటిని గుర్రప్పందేల కోసం వేశారు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ ట్రాక్ అలాంటిదే. ఆ ఒక మైలు మట్టి దారి మీద 1903 నుంచి కార్లు పరిగెత్తాయి. గుర్రం కాలు మట్టిలో దిగి పట్టు దొరికించుకుంటుంది. కారు చక్రం అలా కాదు, పవర్ ఎక్కువిస్తే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది.

1926లో పెన్సిల్వేనియాలో లాంగ్‌హార్న్ ట్రాక్ మొదలైంది. అది దాదాపు గుండ్రంగా ఉండేది. అంటే మలుపుకి చివరంటూ లేదు! డ్రైవర్ ఊపిరి తీసుకునే చోటే ఉండదు. 1958 ఇండియానాపొలిస్ 500 రేసు గెలిచిన జిమ్మీ బ్రయన్ 1960లో అక్కడే ప్రాణం పోగొట్టుకున్నాడు. డ్రైవర్ చుట్టూ ఉక్కు పంజరంలా ఉండే రోల్ కేజ్ ఆ రోజుల్లో ఆ కార్లకి లేదు. 1965లో ఆ మట్టి మీద తారు వేశారు. అందుకే చెప్తున్నాను, కారు జారడం అంటే టైమ్ పోవడం ఒక్కటే కాదు.

సరే, మెకానిక్‌లు ఏం చేశారు? మన పొలాల్లో ట్రాక్టర్ నడిపినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. బురదలో దిగబడినప్పుడు డిఫరెన్షియల్ లాక్ వేస్తాం. రెండు వెనక చక్రాలూ ఒకే వేగంతో తిరిగి బండి బయటికొస్తుంది. అదే లాక్‌తో మలుపు తిప్పి చూడండి, బండి మొండికేస్తుంది. ఎందుకంటే మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. స్ప్రింట్ కార్ల లాంటి మట్టి రేసు కార్లలో ఆ లాక్ ఎప్పుడూ వేసే ఉంటుంది. మరి అవి తిరిగేదెలా?

ఒక పేపర్ టీ కప్పుని టేబుల్ మీద పడుకోబెట్టి దొర్లించండి. నేరుగా పోదు, గుండ్రంగా తిరుగుతుంది. ఒక పక్క పెద్దది, ఒక పక్క చిన్నది కాబట్టి. రేసు కారుకీ అంతే. కుడి వెనక టైరు పెద్దది, ఎడమది చిన్నది పెడతారు. ఈ తేడాని స్టాగర్ అంటారు. స్ప్రింట్ కార్లలో టైరు చుట్టుకొలత తేడా పది అంగుళాలు దాటడం మామూలే. స్టాగర్ ఎక్కువైతే మలుపు చివర గ్యాస్ ఇవ్వగానే కారు ఇంకా లోపలికే లాగుతుంది, లూజ్ అవుతుంది. తక్కువైతే టైట్ అయి గోడ వైపు పోతుంది. టైర్లో గాలి మార్చి కూడా దీన్ని సరిచేస్తారు.

1940ల్లో కాలిఫోర్నియాలో టెడ్ హాలిబ్రాండ్ క్విక్ చేంజ్ అనే వెనక ఇరుసు తయారుచేశాడు. వెనక మూత తీసి రెండు గేర్లు మారిస్తే చాలు, ట్రాక్ పొడవుకి తగ్గట్టు పవర్ అందే తీరు మారిపోతుంది. చక్రం ఊరికే తిరిగి మట్టి చిమ్మడం తగ్గుతుంది.

1958లో ఒహాయోలో జిమ్ కష్మన్ కారు నెత్తిన రెక్క బిగించాడు. విమానం రెక్క పైకి లేపితే, ఇది తిరగేసిన రెక్క కాబట్టి కిందకి నొక్కుతుంది. ఇప్పటి పెద్ద స్ప్రింట్ కారు పై రెక్క 25 చదరపు అడుగులు. డ్రైవర్ సీట్లో కూర్చునే దాన్ని వెనక్కి జరపగలడు. రాత్రి గడిచేకొద్దీ తడి ఆరిపోయి ట్రాక్ నున్నగా అవుతుంది కదా, అప్పుడు రెక్క వెనక్కి జరిపితే వెనక చక్రాలకి పట్టు పెరుగుతుంది.

ఇన్ని పనిముట్లున్నా అసలు చిక్కు వేరే ఉందని నాకనిపిస్తుంది. డ్రైవర్ పిట్‌లోకి వచ్చి "ఎగ్జిట్‌లో లూజ్‌గా ఉంది" అంటాడు. మామూలుగా ఎవరైనా ఏం చేస్తారు? వెనక పట్టు పెంచుతారు. కానీ చాలాసార్లు జబ్బు వెనక కాదు, ముందు ఉంటుంది. మలుపు మధ్యలో కారు టైట్‌గా ఉంటుంది. తిరగట్లేదని డ్రైవర్ స్టీరింగ్ ఇంకా తిప్పుతాడు. అలా తిప్పి ఉంచే గ్యాస్ తొక్కుతాడు. ముందు చక్రాలకి ఒక్కసారిగా పట్టు దొరుకుతుంది, వెనక భాగం ఎగిరిపోతుంది. దీనికి వెనక పట్టు పెంచితే టైట్ ఇంకా ముదురుతుంది, తర్వాతి ల్యాప్‌లో ఇంకా గట్టిగా జారుతుంది. కాలు నొప్పికి కారణం నడుములో ఉన్నట్టు అన్నమాట. అందుకే మంచి మెకానిక్ ముందు ఒక ప్రశ్న అడుగుతాడు: "జారక ముందు స్టీరింగ్ ఎటు తిప్పి ఉంది?"

1978లో వరల్డ్ ఆఫ్ అవుట్‌లాస్ సిరీస్ మొదలైంది. మొదటి ఛాంపియన్ స్టీవ్ కిన్సర్. ఆయన మొత్తం 20 సార్లు ఆ టైటిల్ గెలిచాడు. వాటిలో చాలా గెలుపుల వెనక మెకానిక్ కార్ల్ కిన్సర్ ఉన్నాడు. రెక్క అందరి కార్లకీ ఉంది, స్టాగర్ అందరికీ తెలుసు. నా లెక్కలో తేడా అంతా డ్రైవర్ చెప్పే మాటకీ, మెకానిక్ వినే చెవికీ మధ్య ఉంది.

ఈసారి రీల్‌లో కారు జారినప్పుడు జారిన చోటు చూడకండి. వీడియోని ఒక సెకను వెనక్కి జరిపి ముందు చక్రాలు చూడండి. కారణం చాలాసార్లు అక్కడే కనిపిస్తుంది. మీకేం కనిపించిందో కామెంట్‌లో రాయండి, చదువుతాను. మళ్లీ కలుద్దాం, ఉంటాను.