వేగవిద్య: పంటు రేవునుండి పందెపు బాటవరకు

గోదావరి డెల్టాలోనికి మోటారుబండి వచ్చునప్పటికే ఇచటి రాకపోకలన్నియు నీటివశమై యుండెను. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసిన పిమ్మట విస్తరించిన కాలువలు పొలములను తడుపుటయేకాక ప్రయాణమార్గములు కూడ నగుటచే, ధాన్యపు బస్తాలు, కొబ్బరికాయలు, పెండ్లివారు సైతము పడవలమీదనే సాగిపోవుచుండిరి. బండ్లబాటలు కాలువగట్ల నాశ్రయించి, లాకులయొద్ద వంకరలు తిరుగుచు, వానకాలమున ఒండ్రుబురదలో కూరుకొనిపోవుచుండెను. 1900లో రాకపోకలకు తెరచిన హేవలాకు వంతెన రైలుకు మాత్రమే దారి చూపెను గాని, రాజమహేంద్రవరమునకును కొవ్వూరునకును నడుమ మోటారుబండ్లకు వంతెన దారి 1974లో రోడ్డు–రైలు వంతెనతోగాని యేర్పడలేదు.

కావున కారు కొనగలిగిన సంపన్నుడైనను ఏటియొడ్డున పంటు కొరకు కాచుకొని, పలకలమీదుగా బండిని మెల్లమెల్లగా ఎక్కించి, చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టించి, అవతలి రేవున అంతే జాగ్రత్తతో దింపించుకొనవలసి వచ్చెడిది. ఈ సీమలో డ్రైవరు మొదట నేర్చినది వేగము కాదు, ఓర్పు. ఆ ఓర్పు చిన్న విద్య కాదు. అయినను యంత్రమును విప్పిచూచి, మరల నిర్మించి, దాని శక్తి యెంతవరకో పరీక్షించు మరియొక విద్య తెలుగువారికి దూరదేశమున, నీటికరవుగల మెట్టనేలపై అలవడెను.

ఆ నేల కోయంబత్తూరు సీమ. విజయనగర, నాయకరాజుల కాలమున దక్షిణమునకు తరలిపోయిన తెలుగు రైతు కుటుంబములనేకము అక్కడి నల్లరేగడి భూములలో ప్రత్తి పండించి, ఇంట తెలుగును, వీథిలో అరవమును మాటలాడుచు స్థిరపడినవి. ప్రత్తినుండి నూలుమిల్లులు, మిల్లులనుండి యంత్రశాలలు పుట్టెను. 1910లో జి. కుప్పుస్వామినాయుడు లక్ష్మీ మిల్లులను స్థాపించెను. 1893లో కలంగల్ గ్రామమున జన్మించిన జి.డి. నాయుడు ఒక ఆంగ్ల ఉద్యోగి మోటారుసైకిలును చూచి ముగ్ధుడై, హోటలులో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో దానిని కొని, విడిభాగములుగా విప్పి, తిరిగి కూర్చి, యంత్రరహస్యమును గురుముఖమున గాక స్వహస్తముతో గ్రహించెను. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి–పళని మార్గమున ఆయన ప్రారంభించిన వ్యాపారమే కాలక్రమమున యూనివర్సల్ మోటారు సర్వీసుగా వృద్ధిచెందెను. బస్సు నడపువానికి బస్సు బాగుచేయుట తెలియవలెనను పట్టుదలతో ఆయన కర్మాగారములనేగాక సాంకేతిక విద్యాలయములనుకూడ ప్రోత్సహించెను.

పందెపుకార్ల కథ దీని తరువాతిది. రెండవ ప్రపంచయుద్ధకాలమున మద్రాసునకు ఉత్తరమున షోలవరమువద్ద వేసిన విమానపు బాట యుద్ధానంతరము నిరుపయోగమై పడియుండగా, 1953లో ఏర్పడిన మద్రాసు మోటారు స్పోర్ట్స్ క్లబ్బు దానిని పందెపు రంగముగా మార్చెను. అచట పోటీ చేసినవారిలో పెక్కురు పాతకార్లను తమ చేతులతో మార్చుకొనినవారే. లక్ష్మీ మిల్లుల కుటుంబమునకు చెందిన సుందరం కరివర్ధన్ ఈ అభిరుచిని పరిశ్రమగా మలచెను. విదేశపు పందెపుకారు వెల సామాన్యునకు అందనిదని గ్రహించి, 1980ల చివర, దేశమంతట దొరకు మారుతి 800 ఇంజనునే తీసికొని, ఉక్కుగొట్టములను అతికి చట్రము కట్టి, డ్రైవరు వెనుక ఇంజనునుంచి, తేలికైన ఫైబరుగ్లాసు తొడుగు వేసి, ఒకే ఆసనముగల ఫార్ములా మారుతి కారును తయారుచేసెను. 796 సి.సి. ఇంజను మనయూరి వీథులలో కూరగాయలకు పోవు కారుదే. కాని బరువు తగ్గించి భూమికి చేరువగా అమర్చుటచే అది వేరొక జీవము పొందెను. 1995లో విమానప్రమాదమున ఆయన అకాలమరణము పొందెను. కోయంబత్తూరు సమీపమున చెట్టిపాళయములో 2003లో ప్రారంభమైన సుమారు 2.1 కిలోమీటర్ల పందెపు బాటకు ఆయన పేరే పెట్టిరి.

కోయంబత్తూరు యువకుడు నారాయణ్ కార్తికేయన్ తొలి పందెములు నడిపినది ఈ ఫార్ములా మారుతిమీదనే. 1992లో ఫ్రాన్సునందలి ఎల్ఫ్ విన్‌ఫీల్డ్ శిక్షణాలయమున చేరి, శాస్త్రీయముగా నేర్చి, 2005లో జోర్డాన్ జట్టు తరపున ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడయ్యెను. అంతటి ప్రతిభకును గురుకులవాసము తప్పలేదు.

ఇట్టి శిక్షణలో నిజముగా నేర్పునదేమి? మొదట బాటను కాలినడకన చుట్టివత్తురు. మలుపునకు ముందు బ్రేకు వేయవలసినచోట ఒక శంకువు, చక్రము త్రిప్పవలసినచోట మరియొకటి, మలుపు లోపలి యంచును తాకవలసినచోట వేరొకటి నిలుపుదురు. తిన్నని దారిలోనే బ్రేకు పూర్తిగావించి, పిమ్మట త్రిప్పి, బండి ముఖము దారికి సూటియైన తరువాతనే ఇంజనుకు బలమీయవలెనన్నది ప్రథమపాఠము. బ్రేకు వేసినంతనే బరువు ముందుచక్రములమీదికి ఒరిగి, వెనుకచక్రములు తేలికయై పట్టు తప్పును గనుక, మలుపు నడుమ హఠాత్తుగా బ్రేకు నొక్కువాడు తన బండిని తానే త్రిప్పివేసికొనును. చూపు బానెట్టుపైగాక రాబోవు మలుపుపై నిలుపవలెనన్నది రెండవ పాఠము. వేగమును పెంచుట కాలికి క్షణములో వచ్చును. తగ్గించుటయే శ్రమించి నేర్వవలసిన కళ.

గోదావరిసీమ యంత్రమునకు కొత్త కాదు. తణుకులో 1947లో నెలకొన్న ఆంధ్రా షుగర్సు, ఊరూరి ధాన్యపు మిల్లులు అందుకు తార్కాణములు. కాని మన సంపద కారును కొనుటకు వెచ్చించినంతగా నడపు విద్యకు వెచ్చింపలేదు. నేడు జాతీయ రహదారి రాజమహేంద్రవరము ప్రక్కగా వెడల్పై సాగుచుండ, సంక్రాంతికి నగరములనుండి వచ్చు యువకులు శక్తిమంతములైన కార్లతో, ఒకప్పుడు పడవలు సాగిన కాలువల గట్లమీదనే దూసుకొనిపోవుచున్నారు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగరు తీరమున ఫార్ములా ఇ పందెము చూచి వచ్చినవారికి అది ఎన్ని సంవత్సరముల అభ్యాసఫలమో తెలియకపోవుటలో వింతలేదు.

కావున లక్షలు పోసి పిల్లలకు కారు కొనిచ్చు తండ్రులు ఆ వెలలో స్వల్పభాగము ప్రత్యేకించి, ఒక శని, ఆదివారములు వారిని కోయంబత్తూరు వంటి చోటనున్న శిక్షణాలయమునకు పంపవలెను. కారు కట్టు పనివానిని, కారు నాపగల గురువును చూచి వచ్చినవాడు కాలువగట్టుమీద తొందరపడడు.