గ్రహణి నుంచి గోధుమ దాకా

అడవులదీవి కృష్ణా డెల్టా కొసన, నిజాంపట్నం తీరానికి దగ్గర్లోని ఊరు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక తెనాలి, రేపల్లె వైపు పొలాలకు కాలవ నీరు అందింది, వరి ఈ నేలకు ప్రాణమైంది. పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం వేడన్నం. బియ్యంలో గోధుమలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉండదు కనుక, దానితో వచ్చే సీలియాక్ అనే పేగు జబ్బు పేరు ఇక్కడ తరతరాలు వినపడలేదు.

పేగు జబ్బులు లేవని కాదు. తిన్నది వంటికి పట్టక, విరేచనాలతో మనిషి చిక్కి శల్యమైతే పెద్దలు గ్రహణి అనేవారు. ట్రాపికల్ స్ప్రూ అలాంటిదే. 1895లో భీమవరంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరు స్ప్రూతో కొద్ది రోజుల తేడాలో కన్నుమూశారు. ఆ జబ్బే ఆయనకూ సోకితే ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికారు. ఆ తర్వాత అమెరికాలో ఆయన నడిపించిన లెడర్లీ మందుల కంపెనీ పరిశోధన విభాగం నుంచే 1945లో ఫోలిక్ ఆమ్లం, 1948లో తొలి టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ వచ్చాయి. స్ప్రూకు నేటికీ ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్ కలిపి ఇస్తారు. తన ఇంటిని కూల్చిన జబ్బుకు రెండు మందులూ ఆయన విభాగం నుంచే రావడం మన వైద్య చరిత్రలో తలచుకోదగ్గ సంగతి.

యాంటీబయాటిక్‌కు లొంగిందంటే స్ప్రూలో బాక్టీరియా పాత్ర ఉన్నట్టే. ఒకప్పుడు నాన్‌ట్రాపికల్ స్ప్రూ అని పిలిచిన సీలియాక్ మాత్రం యాంటీబయాటిక్‌కు లొంగదు. దానికి మూలం గోధుమ అని నెదర్లాండ్స్ పిల్లల వైద్యుడు విల్లెమ్ డికె 1950 నాటికి తేల్చారు.

2016లో వెలువడిన భారతీయ అధ్యయనంలో సీలియాక్ జబ్బును సూచించే యాంటీబాడీలు ఉత్తరాన 1.23 శాతం మందిలో, దక్షిణాన 0.10 శాతం మందిలో కనిపించాయి. జబ్బుకు దారితీసే జన్యువులు మాత్రం రెండుచోట్లా దాదాపు సమానం. పెద్ద తేడా తినే గోధుమలో కనిపించింది.

అయినా జన్యువు ఉండి గోధుమ తినేవారందరికీ జబ్బు రాదు. ఎందుకు? అదే ఏడాది కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ బృందం ఎలుకలపై ప్రయోగాలతో ఒక ఆధారం చూపింది. సీలియాక్ రోగుల పేగుల్లోంచి తీసిన సూడోమోనాస్ అనే బాక్టీరియా తుంచిన గ్లూటెన్ ముక్కలు పేగు గోడను సులువుగా దాటి రోగనిరోధక కణాలను రెచ్చగొట్టాయి. లాక్టోబాసిల్లస్ వాటిని ఇంకా నలిపి ఆ ఉధృతిని తగ్గించింది. మన పెరుగులో ఉండేవీ ఆ కుటుంబపు బాక్టీరియాలే. అలాగని పెరుగు సీలియాక్‌కు మందు కాదు.

ఇప్పుడు డెల్టా ఇళ్లలో రాత్రిపూట చపాతీ మామూలైంది. విరేచనాలు, తగ్గని రక్తహీనత వేధిస్తుంటే సొంతంగా గోధుమ మానేయకండి. మానేస్తే సీలియాక్ కోసం చేసే టీటీజీ రక్తపరీక్షలో జబ్బు దాగిపోవచ్చు. ముందు పరీక్ష చేయించుకోండి.